విప్పిన కార్బొరేటర్

సెలవు రోజు పొద్దున. వరండాలో పాత దుప్పటి పరిచి, దాని మీద విప్పిన బండి సామాన్లు. మొగుడు, పెళ్ళాం, కిటికీ పక్కన కుర్చీలో అత్తగారు.

"అది అన్నం తినే పళ్ళెం."

"కడిగేస్తాలే."

"కడిగితే పెట్రోలు వాసన పోతుందా? వారం పాటు అన్నంలో అదే వాసన. ఇంట్లో పాత డబ్బా మూతలే లేనట్టు మీకు పళ్ళెమే కావలసొచ్చిందా?"

"మూతల్లో పెడితే స్క్రూలు దొర్లిపోతాయి. పళ్ళేనికైతే అంచుంటుంది."

"ఆ బ్రష్షెవరిది?"

"పాతదే."

"పాతదేం కాదు, అత్తయ్యది. అత్తయ్యా, మీ పళ్ళు తోముకునే బ్రష్షుతో మీ అబ్బాయి బండికి తోముతున్నారు, చూడండి."

"పోనీలే అమ్మాయ్. నాకు మిగిలిన పళ్ళకి వేలు చాలు. నువ్వు నిదానంగా కానివ్వరా."

"నిదానమేంటత్తయ్యా! వదిన ఇల్లు వదిలేసి వచ్చిందనీ, పాత బస్టాండులో కూర్చుని ఉందనీ, ఎవరి ఫోన్ నుంచో చేసిందనీ పొద్దున్నే మీరేగా చెప్పారు? మీరు చెప్పిన మరుక్షణం నేను చీర మార్చుకుని తయారయ్యాను. వచ్చి చూస్తే ఈయన బండి విప్పదీసుకుని కూర్చున్నారు."

"విప్పక? చోక్ లాగితే గానీ స్టార్టవ్వట్లేదు. నడి రోడ్డు మీద ఆగిపోతే అక్కని ఎక్కించుకుని తోసుకుంటూ వస్తావా?"

"నిన్న సాయంత్రం మీరు దీని మీదేగా వచ్చారు!"

"వచ్చాను. ఎలా వచ్చానో నాకు తెలుసు. గేరు మార్చినప్పుడల్లా టుపుక్కు టుపుక్కు."

"నాకు చెప్పలేదే?"

"అన్నీ చెప్తానా నీకు?"

"బస్సులు లేవు, ఆటోలు లేవు. ఈ సమ్మె కూడా ఇవాళే తగలడింది."

"అందుకేగా చెప్తున్నా. బండి ఒక్కటే దిక్కు. దాన్ని సరిగ్గా చేసుకుని వెళ్ళాలి. ఆ చిన్న స్క్రూడ్రైవర్ అందుకో. అది కాదు, ఎర్ర పిడిది."

"ఇదిగో. తొందరగా."

"తొందరంటే అయ్యే పనా ఇది? చూడు ఈ కింది గిన్నె. ట్యాంకులోంచి వచ్చిన పెట్రోలంతా ముందు దీంట్లోనే నిలబడుతుంది. అడుగున ఎంత మడ్డి పేరుకుందో చూడు."

"ఏదీ? అద్దంలా ఉంది."

"వెలుతురుకి పట్టి చూడు."

"పట్టే చూస్తున్నా. ఏమండీ, దీన్ని మీరు పోయిన నెలే కడిగారు. నేనే పక్కన కూర్చుని ఒక్కొక్కటీ అందించాను. అప్పుడు మడ్డి గరిటెడు వచ్చింది. ఇప్పుడు గోరుతో గీకినా ఏమీ రావట్లేదు."

"ఈమధ్య పెట్రోలు మంచిది రావట్లేదు."

"మంచిది కాకపోతేనేగా మడ్డి ఉండాలి?"

"నువ్వు మెకానిక్కువా, నేను మెకానిక్కునా?"

"మీరూ కాదు. గోడౌన్లో సరుకు ఎక్కించి దింపించే మనిషి మీరు. మీ మనసులో ఏముందో చెప్పండి ముందు."

"కార్బొరేటర్ గురించి మాట్లాడుతుంటే మధ్యలో మనసేంటి?"

"వదిన మనింటికి రావడం మీకిష్టం లేదా?"

"ఆమె అక్క నాకు. నీకు కాదు."

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నా."

"అమ్మాయ్, చేతిలో పనున్నప్పుడు వాణ్ణి కదిలించకు. ఏదో ఒకటి జారవిడుస్తాడు."

"మీరు కాస్త గట్టిగా చెప్పచ్చుగా అత్తయ్యా! మీ కూతురు!"

"నా కూతురేనమ్మా. నేనే కన్నాను."

"మరి ఇంత నింపాదిగా ఎలా కూర్చున్నారు? పొద్దుటి నుంచీ చూస్తున్నా, ఆయన ఒక స్క్రూ విప్పితే మీరు 'మెల్లగా నాన్నా' అంటారు. ఇంకోటి విప్పితే 'బాగా తుడువు నాన్నా' అంటారు. అక్కడ వదిన ఒక్కతీ, చేతిలో ఫోనైనా లేకుండా..."

"కూర్చోక ఏం చెయ్యను? ఈ మోకాళ్ళు నన్ను వీధి చివరిదాకా కూడా మొయ్యవు. నువ్వూ కాస్త కూర్చో. టీ తాగావా?"

"టీ ఒక్కటే తక్కువ."

"తాగలేదన్నమాట. పెట్టుకుని తాగు. నాకూ కాస్త ఇవ్వు."

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, ఇప్పుడు నన్ను పొయ్యి దగ్గరికి పంపకండి. ఏమండీ, ఇంకా ఏం తుడుస్తున్నారు?"

"బయట వైపు."

"బయట వైపు తుడిస్తే బండి నడుస్తుందా?"

"దుమ్ము లోపలికి పోకూడదు."

"మొన్న మీరు వాళ్ళింటికి వెళ్ళొచ్చి ఏం చెప్పారో గుర్తుందా? వీధి తలుపుకి బయట తాళం. లోపల వదిన. అత్తయ్య పంపిన చీరల సంచీని కిటికీ ఊచల మధ్యలోంచి ఒక్కో చీర మడిచి లోపలికి తోశారు మీరు. ఆవిడ ఊచల్లోంచే మీ చెయ్యి పట్టుకుంది. ఆ రాత్రి మీరు అన్నం సగంలో వదిలేసి లేచిపోయారు."

"బావకి దొంగల భయం. ఆ వీధి మంచిది కాదు."

"దొంగల భయమైతే తాళంచెవి లోపలి మనిషి దగ్గరుంటుంది."

"ఆ చిన్న ఇత్తడిది ఇటివ్వు."

"మాట మార్చకండి."

"ఇటివ్వు, ఇది పూర్తయితేనేగా నువ్వు వెళ్ళేది? జెట్ అంటారు దాన్ని. మధ్యలో సూదిమొనంత బెజ్జం ఉంది చూడు. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు ఈ బెజ్జంలోంచే పోవాలి. నలక పడిందా, అంతే."

"పడిందా?"

"ఊదితే తెలుస్తుంది."

"పెదాల మధ్య పెట్టుకునా? పెట్రోలు నోట్లోకి పోదూ?"

"అందరూ ఇలాగే ఊదుతారు. నువ్వు అటు జరుగు, వెలుతురుకి అడ్డం."

"జరిగాను. ఊదండి."

"..."

"ఊదారా?"

"ఊఁ."

"నలకుందా?"

"ఉహుఁ."

"లేకపోతే ఇంకేం, బిగించండి. ఏమండీ, బిగించండి అంటున్నా. అలా చూస్తారేంటి?"

"ఊఁ."

"ఊఁ అంటే?"

"వాడికి కోపమొచ్చిందమ్మా. చిన్నప్పట్నుంచీ అంతే. తప్పు తనదైతే నోరు కుట్టేసుకుంటాడు."

"నన్ను కోప్పడడానికి ఈయనకేం హక్కుందత్తయ్యా? సరే, మీరు ఊఁ అంటూ కూర్చోండి, నేను బిగిస్తా. ఆ ఇత్తడిది ఏది? పళ్ళెంలో లేదే."

"ఉహుఁ."

"లేదని నాకూ కనబడుతోంది. ఏమైంది? పడిపోయిందా?"

"ఊఁ."

"ఇప్పుడేగా మీ చేతిలో ఉంది! ఎటు పడింది? ఆ చెయ్యి ఊపడమేంటి, అటా, ఇటా? తూము వైపా? అయ్యో, తూములోకి గానీ పోలేదు కదా?"

"ఉఁహుఁ... ఊఁ."

"ఏదో ఒకటి చెప్పండి! లేవండి, దుప్పటి దులపాలి. మెల్లగా. స్క్రూలు పట్టుకోండి. ఇక్కడ లేదు. గుమ్మం కింద లేదు. అత్తయ్యా, కాస్త కాళ్ళెత్తండి, మీ కుర్చీ కింద చూస్తా."

"నా కాళ్ళ కింద దుమ్ము తప్ప ఏముంటుంది."

"ఇదేంటి? అబ్బ! ఏడాది కింద పోయిన నా చెవిదిద్దు శీల. ఇది దొరికింది గానీ అది దొరకలేదు. మీరూ వెతకండి, అలా గోడకి చేరగిలపడతారేంటి? తూము జాలీ తీసి చూడండి. ఏమండీ, ఇది లేకపోతే బండి కదలదు కదా?"

"ఉహుఁ."

"కదలదని ఎంత హాయిగా చెప్పారండీ! మీ ఫోను మోగుతోంది. తియ్యండి. తియ్యరేం? ఎవరూ... బావ అని వస్తోంది. వదిన సంగతి ఆయనకి తెలిసిపోయిందేమో. తియ్యండి మరి! తల అలా అడ్డంగా తిప్పుతారేంటి? మోగి మోగి ఊరుకుంటుందనా? ఇలా ఇవ్వండి, నేను తీస్తా. లాక్కోకండి! నా చేతులకి పెట్రోలుంది, స్పీకర్లో పెడుతున్నా."

"ఏరా, ఎక్కడుందిరా మీ అక్క? పాత బస్టాండులో కూర్చుందన్నావు. మొత్తం తిరిగాను. టిక్కెట్ల గది వెనక కూడా చూశాను. నరమానవుడు లేడిక్కడ. వినబడుతోందా? నేను ఇంకో చుట్టు చూస్తా. మీ ఆవిణ్ణి ఇంకాసేపు ఆపు. బండి విప్పేస్తానన్నావుగా, విప్పే ఉంచు. మీ అక్క దొరికాక ఫోన్ చేస్తా, అప్పుడు బిగించుకుందువుగాని. ఏరా, పలకవేం?"

"అన్నయ్యా, నేను."

"వాడికివ్వమ్మా ఫోను."

"ఆయన పలకట్లేదు. నాకే చెప్పండి. వదిన దొరికితే ఏం చేస్తారు?"

"ఇది మొగుడూ పెళ్ళాల సంగతి. నీకనవసరం."

"ఈసారి ఎన్ని తాళాలు కొన్నారన్నయ్యా?"

"నోరు అదుపులో పెట్టుకో. అక్కడికి గానీ చేరిందా ఇది? సరే, నేనే వస్తున్నా. వాడికి చెప్పు, సోమవారం గోడౌన్ గేటు లోపలికి రావాలనుందో లేదో ఆలోచించుకోమని."

"పెట్టేశారు."

"పెట్టేశాడా? ఇక్కడికేనా అమ్మా వస్తున్నానన్నాడు?"

"మీరాగండత్తయ్యా. ఏమండీ, ఇటు చూడండి. పొద్దున్న అత్తయ్య చెప్పగానే మీరు ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళారు. నేను పాలవాడికేమో అనుకున్నాను. ఆయనకా చేశారు?"

"ఊఁ."

"వదిన ఎక్కడుందో చెప్పి, నేను వెళ్ళకుండా బండి విప్పి, ఇంతసేపూ నాతో మడ్డి గురించి మాట్లాడారా? నోరు తెరవండి. తెరిచి ఒక్క మాట చెప్పండి!"

"ఊఁ... మ్..."

"తెరవండి అంటున్నా. ఏంటది? చెంపలో ఏంటది? ఉమ్మండి. నా చేతిలో ఉమ్మండి. చూడండత్తయ్యా! మీ కుర్చీ కింద, తూములో, దుప్పటి మడతల్లో నేను పాక్కుంటూ వెతుకుతుంటే, ఇది ఈయన దవడలో ఉంది!"

"మింగేద్దామనుకున్నాను. ధైర్యం చాలలేదు."

"దేనికుంది మీకు ధైర్యం?"

"నీకేం తెలుసే? గోడౌన్లో ఆయన మాటే మాట. నన్ను అక్కడ పెట్టించింది ఆయన. ఆయనే తీసేస్తాడు కూడా. ఈ వయసులో నన్ను ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు?"

"అందుకని అక్కని పట్టిచ్చారు."

"పట్టివ్వడమేంటి? మొగుడాయన. ఇంటికి తీసుకెళ్తాడు, అంతేగా."

"ఊచల్లోంచి మీ చెయ్యి పట్టుకున్న మనిషిని!"

"నాకు గుర్తులేదనుకుంటున్నావా? ఆ చెయ్యి నాదే."

"జరగండి. నేను బిగిస్తా."

"నీకు రాదు."

"ఇన్నేళ్ళూ మీ పక్కన కూర్చుని అందించింది ఎవరు? జెట్టు ఇక్కడ. మరీ బిగించకూడదు, ఇత్తడి మెత్తన, మర అరుగుతుందని మీరే అంటారు. ఇది తేలే బుడ్డి. దీని పిన్ను ఇటునుంచి. గిన్నె మూసి స్క్రూలు. రబ్బరు నలగకూడదు. ఇక ఈ పైది."

"అలా కాదు."

"మీరు మాట్లాడకండి."

"అలా కాదంటున్నా! ఆ గొట్టానికి కింద కోత ఉంది చూడు, అది ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండాలి. అటు తిప్పి పెట్టావంటే యాక్సిలరేటర్ ఇరుక్కుపోతుంది. నువ్వు చెయ్యి వదిలినా స్పీడు తగ్గదు. లారీలు తిరిగే రోడ్డది."

"ఇటా?"

"అటే. ఇంకొంచెం తిప్పు. గాడిలో టక్కుమని కూర్చోవాలి. కూర్చుందా?"

"కూర్చుంది. నా ప్రాణం మీద ఇంత శ్రద్ధ ఉంది మీకు. పాపం, వదినేం చేసింది?"

"నన్ను వెళ్ళనీ. నేను వెళ్ళి తీసుకొస్తా అక్కని."

"ఎక్కడికి తీసుకెళ్తారు? పెట్రోలు ట్యాపు తిప్పాను. లేవండి, తోవకి అడ్డం."

"గిన్నె నిండనీ, ఒక్క నిమిషం. ఇప్పుడు కిక్కు కొట్టు. మళ్ళీ. అంత గట్టిగా తొక్కకు, కాలు బెణుకుతుంది. మళ్ళీ కొట్టు. ఆఁ, అందుకుంది. చోక్ తీసెయ్."

"అత్తయ్యా, వెళ్ళొస్తా. ఆయనకి కనబడకుండా వదిన ఎక్కడో దాక్కుని ఉంటుంది. నేను వెళ్తే బయటికొస్తుంది. అన్నయ్య ఇక్కడికొస్తే తలుపు తియ్యకండి."

"ఆపు ఆ బండి."

"ఏంటత్తయ్యా?"

"ఆపమన్నాను."

"మీరు కూడానా? మీరూ వాళ్ళ వైపేనా? అందుకేనా పొద్దుటి నుంచీ నిదానం, నిదానం అని..."

"ఆపి, గేటు వేసి, లోపలికి రా. నువ్వు వెళ్ళాల్సిన పని లేదు. అది బస్టాండులో లేదు."

"లేదా? అమ్మా, నువ్వేగా చెప్పావు?"

"నేనే చెప్పాను. అబద్ధం చెప్పాను."

"మరి వదినేది అత్తయ్యా?"

"పైన అద్దెకుండే టైలరమ్మ ఇంట్లో నిద్రపోతోంది. తెల్లవారకముందే వచ్చింది, నడుచుకుంటూ. అతను పడుకున్నాక వాళ్ళ మేడ మీంచి పక్కింటి గోడ మీదికి దిగిందట, అరచేతులు చెక్కుకుపోయాయి. నేను ముఖం కడుక్కుందామని లేస్తే గేటవతల నిలబడి ఉంది. మన గేటుకి తాళం చూసి పిలవడానికి కూడా భయపడి అలాగే నిలబడిపోయింది, పిచ్చి తల్లి."

"నాకు చెప్పచ్చుగా! నా గుండె పొద్దుటి నుంచీ చేతిలో పట్టుకుని తిరుగుతున్నాను."

"నీ ముఖం అద్దం అమ్మాయ్. నీకు చెబితే వాడికి చెప్పినట్టే. నిన్ను బాధపెట్టాను, తెలుసు. తిట్టుకో."

"అంటే, నేను బావకి చెప్తానని నీకు ముందే తెలుసా అమ్మా?"

"పాత బస్టాండు ఊరికి ఆ చివర కదా. ఊరికే ఆ పేరు చెప్పానా? లేకపోతే అతను లేస్తూనే సరాసరి ఇక్కడికే వచ్చేవాడు. అది కంటినిండా పడుకుని ఎన్నాళ్ళయిందో. కాసేపు పడుకోనిద్దామని."

"నన్ను నమ్మలేదన్నమాట."

"నమ్మాలనే ఉందిరా. నీకు చెప్పాక తలుపు దగ్గరే నిలబడి నిన్నే చూశాను. నువ్వు కదలకపోతే, చెవిలో నిజం చెప్పేద్దామనుకున్నాను. ఫోను తీశావు. పెరట్లోకి వెళ్ళావు. నేనొచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాను."

"అమ్మా..."

"అమ్మా, బండి చప్పుడికి మెలకువొచ్చింది. కిందికి రానా?"

"రా తల్లీ. మెట్లు చూసుకుని రా."

"వదినా! మెల్లగా, నన్ను పట్టుకోండి. అయ్యో, వద్దు, నా చేతులు బాగాలేవు."

"ఇవేం చేతులు మరదలా, ఇంత నల్లగా?"

"మీ చేతులు చూసుకోండి ముందు. ఈ కట్టెవరు కట్టారు?"

"టైలరమ్మ. పువ్వుల గుడ్డే దొరికింది ఆవిడకి. కట్టయినా సరే కళగా ఉండాలట. తమ్ముడూ, బాగున్నావా?"

"ఊఁ."

"అలా ఉన్నావేంరా? తల ఎత్తు."

"అక్కా, నేను పొద్దున్న... బావకి..."

"చెప్పేశావా? భయపడ్డావు. నేనూ భయపడే కదరా ఇన్నాళ్ళు అక్కడున్నాను. నాకు అర్థమవుతుందిలే."

"అర్థం చేసుకోవడాలు తర్వాత చేసుకుందురుగాని. అతను బయల్దేరాడు. అందరూ ఉన్నారు కాబట్టి ఒక్కసారే చెప్తాను, వినండి."

"అమ్మా, ఒద్దమ్మా. అక్క సంగతి పైవాళ్ళకి వినబడుతుంది."

"నేను గట్టిగా ఎక్కడ మాట్లాడుతున్నా? ఇది ఇక ఆ ఇంటికి వెళ్ళదు. ఇక్కడే ఉంటుంది. నా గదిలో, నా మంచం మీద. గేటు తాళంచెవి ఇవాళ్టి నుంచీ దీని దగ్గరే ఉంటుంది, మనం బయటికెళ్ళాలన్నా దీన్నే అడగాలి. అతను వస్తే గుమ్మంలో నేను మాట్లాడతాను. మీరెవరూ ముందుకి రావద్దు."

"అలాగే అత్తయ్యా. కానీ మీ వెనక నేనుంటా."

"ఉండు."

"మరి నా సంగతేంటమ్మా? సోమవారం ఆయన ముందుకి నేనెలా వెళ్ళను? అక్క లోపలుంటే, ఆయన గేటవతలుంటే, మధ్యలో నేను ఎక్కడ నిలబడను?"

"అది నేను చెప్పేది కాదు నాన్నా. ఇక్కడ ఉండలేననుకుంటే నిన్నెవరూ ఆపరు. బండి కూడా బాగయిందిగా."